టాపెస్ట్రీ అంటే ఏమిటి? ఒకసారి వెనక్కి తిప్పి చూడండి

విజయనగరం నుంచి ఒకావిడ అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. కొత్త ఇంటి హాల్లో పదడుగుల గోడ ఖాళీగా ఉంది, మాట్లాడితే గొంతు మార్మోగుతోంది. ఆన్‌లైన్‌లో 1,200 రూపాయలు పెట్టి టాపెస్ట్రీ అని తెప్పిస్తే పల్చటి దుప్పటి లాంటిది వచ్చింది. అసలు టాపెస్ట్రీ అంటే ఏమిటి, దేనికి వాడతారు, మన పొందూరులో నేయించుకోవచ్చా మాస్టారూ అన్నారు. ఆఖర్న ఇంకో మాట కూడా ఉంది. అటక మీద అత్తగారి కాలం నాటి జంపఖానా ఒకటి పడి ఉందట, నెమళ్ళ బొమ్మలతో. అక్కడక్కడా చిరిగిందని, పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆవిడకి వేసేద్దామనుకుంటున్నానని రాశారు.

ఆ ఆఖరి మాట చూసే ఇంత పొడుగు జవాబు రాస్తున్నానమ్మా. గిన్నెలావిడ ఈ వారంలో వచ్చినా ఆ జంపఖానా మాత్రం ఇవ్వకండి. ఎందుకో తెలియాలంటే ముందు మిగతాది చెప్పాలి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పొందూరు దగ్గర నేతగాళ్ళ ఇంట్లో పుట్టాను. సేలంలో చేనేత డిప్లొమా చేసి, ఉత్తరాదిన ఎగుమతి జంపఖానాలు నేసే షెడ్లలో ఇరవై ఆరేళ్ళు వీవింగ్ మాస్టర్‌గా పనిచేశాను. ఇప్పుడు శ్రీకాకుళంలో ఉంటున్నాను. ఇంట్లో చెక్క ఫ్రేము ఒకటి ఉంది, దాని మీద ఏదో ఒకటి నేస్తూ ఉంటాను.

మీకు వచ్చింది అచ్చువేసిన గుడ్డ. ముందు తెల్లబట్ట నేశారు, తర్వాత దాని మీద బొమ్మ వేశారు. వెనక్కి తిప్పితే రంగు వెలిసిపోయినట్టు ఉంటుంది, చూడండి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో గోడకు వేలాడదీసే ప్రతి గుడ్డనీ టాపెస్ట్రీ అనేస్తున్నారు. చెడ్డదేమీ కాదు, మంచం మీద పరుచుకోండి. కానీ అది టాపెస్ట్రీ కాదు.

మామూలు బట్ట ఎలా నేస్తారో మీకు తెలిసే ఉంటుంది. పడుగు నిలువు, పేక అడ్డం. పేక దారాన్ని మోసే నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు, ఆ అంచు నుంచి ఈ అంచుకు పరిగెడుతుంది. టాపెస్ట్రీలో పేక అలా కొసకంటా వెళ్ళదు. బొమ్మలో ఎర్రపువ్వు ఉంటే ఎర్రదారం ఆ పువ్వు వెడల్పు మేరకే వెళ్ళి అక్కడే వెనక్కి తిరుగుతుంది. పక్కనున్న ఆకుపచ్చ దారం తన ఆకు మేరకే తిరుగుతుంది. ఎవరి మడి వాళ్ళు దున్నుకుంటూ గట్టు దగ్గర ఎద్దుల్ని తిప్పుకున్నట్టు. ఒక వరుసలో ఇరవై చోట్ల రంగు మారితే ఇరవై కండెలు, అంటే దారం చుట్టిన చిన్న పుల్లలు, మగ్గానికి వేలాడుతుంటాయి. ప్రతి దారాన్నీ దువ్వెనలాంటి పనిముట్టుతో గట్టిగా కిందికి కొడతారు. పడుగు పూర్తిగా పేక కింద దాక్కుంటుంది, పైకి సన్నటి గట్లు గట్లుగా తగులుతుందే తప్ప కంటికి కనిపించదు. మీరు చూసేదంతా పేకే.

దీన్ని జాందానీతో పోల్చి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. పొందూరు చుట్టుపక్కల, ఉప్పాడలో జాందానీ నేసేవాళ్ళున్నారు. అక్కడా బొమ్మకి చిన్నచిన్న కండెలే, చేత్తోనే ఎక్కిస్తారు. కానీ జాందానీలో అడుగున పూర్తి బట్ట ఉంటుంది. దాని పేక అంచు నుంచి అంచుకు వెళ్తూనే ఉంటుంది, బొమ్మదారం దానికి అదనం. ఓపికగా ఆ బొమ్మదారాలన్నీ లాగేశారనుకోండి, బొమ్మ పోతుంది, చీర మిగులుతుంది. కట్టుకోవచ్చు కూడా. టాపెస్ట్రీలో ఎర్రపువ్వు దారం లాగేస్తే అక్కడ గుడ్డే ఉండదు, ఉత్త పడుగు పోగులు మిగులుతాయి. బొమ్మకీ గుడ్డకీ అక్కడ తేడా లేదు.

చదువుకునే రోజుల్లో సెలవులకొచ్చి నేను నేసిన మొదటి ముక్క మా నాయనమ్మకి చూపించాను. ఆవిడ ఎనభై ఏళ్ళ మనిషి, జీవితమంతా రాట్నం ముందు గడిపింది. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఏకులు చేసి, నూరో నంబరు దాకా నూలు వడికిన చెయ్యి. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం. ముక్కని అటూ ఇటూ తిప్పి, వెలుతురుకి పెట్టి చూసి, "పేక అటు కొసకంటా ఎల్లకపోతే ఇది గుడ్డేట్రా గుంటడా, అతుకుల బొంత" అంది. నాకు అప్పుడు కోపం వచ్చింది. ఆవిడ సరిగ్గా దాని బలహీనతనే పట్టుకుందని తర్వాత ఎన్నేళ్ళకో అర్థమైంది.

ఆ బలహీనత ఏమిటంటే, రెండు రంగులు నిలువుగా పక్కపక్కన కలిసేచోట ఎవరిదారిన వాళ్ళు వెనక్కి తిరిగిపోతారు కాబట్టి మధ్యలో చీలిక మిగులుతుంది. చొక్కాకి గుండీ కాజా ఉంటుందే, అలాగ. దాన్ని ఏంచేయాలన్న దానికి ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది. టర్కీ, ఇరాన్ వైపు కిలిమ్ అనే జంపఖానాలు నేసేవాళ్ళు చీలికని అలాగే వదిలేస్తారు, కాకపోతే నిలువు గీత పొడుగ్గా రాకుండా డిజైన్‌ని మెట్లు మెట్లుగా నడిపిస్తారు. ఐరోపావాళ్ళు నేత అయ్యాక సూదితో కుట్టేస్తారు. మన మహారాష్ట్రలో పైఠణీ పట్టుచీరలు నేసేవాళ్ళు రెండు దారాల్ని ఒకదానికొకటి మెలిపెట్టి ముందుకెళ్తారు. అందుకే పైఠణీ కొంగు మీద నెమలి రెండువైపులా ఒకేలా ఉంటుంది, వెనకవైపు వేలాడే దారం ఉండదు. అవునండీ, పెళ్ళిళ్ళలో మీరు చూసే అసలు పైఠణీ కొంగు టాపెస్ట్రీ నేతే. కాశ్మీర్‌లో ‘కానీ’ అనే పేరున్న శాలువా కూడా అంతే. అక్కడ నాడెకి బదులు చిన్న చెక్కపుల్లలకి రంగుదారం చుట్టి వాడతారు, డిజైన్‌ని తాలీమ్ అనే సంకేత లిపిలో రాసుకుని దాన్ని బట్టి నేస్తారు. కాబట్టి ఇది పడమటి దేశాల సొత్తేం కాదు. చైనాలో పట్టుతో కెస్సు అని నేశారు, పెరూలో ఇంకాల రాజుల అంగీలు ఈ నేతే, ఈజిప్టు రాజుల సమాధుల్లో మూడువేల ఏళ్ళు దాటిన ముక్కలు దొరికాయి. పేరు మాత్రం ఫ్రెంచి నుంచి వచ్చింది, తివాచీని వాళ్ళు తపీ అంటారు.

తివాచీ అన్నాను కాబట్టి చెప్పేస్తాను. ఏలూరు తివాచీ టాపెస్ట్రీ కాదు, అది ముళ్ళు వేసి కత్తిరించే పని, పైన నూగు ఉంటుంది. కలంకారీ కాదు, అది రాత, అద్దకం. ఇంగ్లండు మీద నార్మన్ల దండయాత్రని చూపించే, 70 మీటర్ల పొడుగున్న బాయో టాపెస్ట్రీ పేరు మీరు వినే ఉంటారు. ప్రపంచంలో ఎక్కువమందికి తెలిసిన టాపెస్ట్రీ అదే, తీరా చూస్తే అది టాపెస్ట్రీ కాదు. నారబట్ట మీద ఉన్నిదారంతో చేసిన కుట్టుపని. పేరు పడిపోయింది, ఎవరూ మార్చలేదు.

ఇక దేనికి వాడతారు అని అడిగారు. పుస్తకాల్లో చలికి గోడలకి కప్పేవారని రాస్తారు. రాతి కోటల్లో అది నిజమే, చలిగాలి ఆగుతుంది, గది కాస్త వెచ్చగా ఉంటుంది. కానీ చలి ఒక్కటే అయితే గొంగళ్ళు చాలు కదా, బంగారు జరీ దేనికి? అసలు ఉపయోగం ఇంకొకటి ఉందని నా ఉద్దేశం. చుట్టి బండెక్కించుకుపోవచ్చు. మన శ్రీకూర్మం గుడి మండపం గోడల మీద బొమ్మలున్నాయి, చూడాలంటే మనమే శ్రీకూర్మం వెళ్ళాలి. టాపెస్ట్రీ అలా కాదు, రాజు ఏ కోటకి వెళ్తే బొమ్మల గోడలు ఆ కోటకి వెళ్తాయి. యుద్ధానికి వెళ్తే గుడారంలోకీ వెళ్తాయి. బర్గండీ ప్రభువు చార్లెస్ 1476లో గ్రాన్సన్ దగ్గర స్విస్ సేనల చేతిలో ఓడి పారిపోతూ సామానంతా వదిలేసి పోయాడు. అందులో దొరికిన టాపెస్ట్రీ ఇప్పటికీ బెర్న్ మ్యూజియంలో ఉంది. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ చనిపోయాక ఆస్తుల జాబితా రాస్తే టాపెస్ట్రీలే 2,000 పైన తేలాయి. రాజులు ఒకరికొకరు కానుకలుగా ఇచ్చుకున్నారు, అప్పుకి తాకట్టు పెట్టారు. తలుపులకి తెరలు, మంచం చుట్టూ పరదాలు, పెద్ద గదిని రెండు చేసే అడ్డాలు, కుర్చీల మీద గుడ్డలు, దిండు గలేబులు కూడా ఈ నేతతోనే చేశారు. చర్చిల్లో పండగలకి వేలాడదీసి, చదువు రానివాళ్ళకి కథ చూపించడానికి వాడారు.

ఆ వైభవమే కొన్నిటికి చేటు తెచ్చింది. ఫ్రెంచి విప్లవం తర్వాత 1797లో ఖజానా ఖాళీ అయి, రాజుల టాపెస్ట్రీల్లో ఉన్న బంగారం వెండి కోసం చాలావాటిని కాల్చేశారు. మన ఇళ్ళలో పాత పట్టుచీర జరీ కోసం తూకానికి వేస్తామే, అదే లెక్క.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఫ్రాన్సులో ఆంజే ఊళ్ళో ఉన్న టాపెస్ట్రీది. ఆంజూ ప్రభువు మొదటి లూయీ 1377 ప్రాంతంలో బైబిల్ చివరి ఘట్టాలతో దాన్ని నేయించాడు. మొదట్లో మొత్తం పొడుగు దగ్గరదగ్గర 140 మీటర్లు, ఇప్పుడు మిగిలింది 100 మీటర్ల దాకా. విప్లవం రోజుల్లో దాన్ని ముక్కలు చేసి, మంచు పడకుండా నారింజ చెట్లకి కప్పారు, గుర్రాల సాలల్లో కట్టారు. తర్వాత 19వ శతాబ్దం మధ్యలో గానీ మిగిలిన ముక్కలు ఏరి కలపలేదు. ముందువైపు రంగులు వెలిసిపోయాయి. 20వ శతాబ్దం చివర్లో బాగుచేయడానికి వెనకున్న అస్తరు విప్పితే, వెలుతురు తగలని వెనకవైపు ఎరుపు, నీలం నిగనిగలాడుతూ కనిపించాయి. దారపు కొసలన్నీ లోపలికి దాచేసి నేశారు, బొమ్మ రెండువైపులా ఒకే శుభ్రంతో ఉంది. ఎవరూ చూడని వైపు కూడా అంత శ్రద్ధ పెట్టిన ఆ నేతగాళ్ళ మేస్త్రీ నా షెడ్డుకి వస్తే నేను లేచి నిలబడేవాణ్ణి.

పనిచేసే తీరు గురించి కాస్త చెప్తాను, ఇది మీ పొందూరు ప్రశ్నకి కూడా కావాలి. మగ్గాలు రెండు రకాలు. ఒకటి నిలువు మగ్గం, పడుగు గోడలా నిటారుగా ఉంటుంది. పారిస్‌లో 1662లో పద్నాలుగో లూయీ కొలువు కోసం పెట్టిన గోబెలాఁ కార్ఖానా దీనికి పేరు. నేతగాడు వెనకవైపు కూర్చుని నేస్తాడు, ముందు అద్దం పెట్టుకుని అందులో బొమ్మ ఎలా వస్తోందో చూసుకుంటాడు. రెండోది పడక మగ్గం, పడుగు మంచంలా పరిచి ఉంటుంది, కాళ్ళతో తొక్కుడు చెక్కలు తొక్కుతూ నేస్తారు. ఫ్రాన్సులోని ఓబుసాఁ ఊరివాళ్ళది ఈ పద్ధతి, 2009లో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కింది. పడుగు కింద బొమ్మ కాగితం పెట్టుకుని నేస్తారు, వెనకవైపు పైకి ఉంటుంది కాబట్టి పూర్తయ్యాక తిప్పితే బొమ్మ కుడి ఎడమలు మారిపోతాయి. అందుకని గీసేవాడు ముందే తిరగేసి గీయాలి. పోపు పదో లియో సిస్టీన్ చాపెల్ కోసం రాఫేల్ చేత గీయించిన బొమ్మలు బ్రస్సెల్స్‌లో ఇలాగే నేశారు. ఆ పెద్ద కాగితాలు పదింటిలో ఏడు లండన్‌లో వి అండ్ ఏ మ్యూజియంలో ఉన్నాయి, గుడ్డ మీది బొమ్మలకి అద్దంలో నీడల్లా.

ఇంకో తమాషా ఉంది. పెద్ద టాపెస్ట్రీల్లో బొమ్మని పక్కకి పడుకోబెట్టి నేస్తారు. గోడకు తగిలించేటప్పుడు పావుచుట్టు తిప్పుతారు, అప్పుడు పడుగు అడ్డంగా, పేక నిలువుగా అవుతుంది. మగ్గం వెడల్పు గోడ ఎత్తుకి సరిపోతే చాలు, పొడుగు ఎంతైనా సాగదీసుకోవచ్చు. మనుషులు, చెట్లు, స్తంభాలు నిలువు బొమ్మలు కదా, పడుకోబెట్టి నేస్తే పొడుగాటి చీలికలు తగ్గుతాయి. నష్టం కూడా ఉంది. బరువంతా పేక మీద వేలాడుతుంది, ఉన్న చీలికలు అడ్డంగా తిరిగి నోళ్ళు తెరుస్తాయి. అందుకే అంత కుట్టుపని.

పొందూరులో నేయించుకోవచ్చా? మా ఊరి మీద ప్రేమ లేక కాదు, అడిగారు కాబట్టి చెప్తున్నాను. ఆ నూలుతో కుదరదు. పొందూరు గొప్పదనం సన్నదనంలో ఉంది. టాపెస్ట్రీకి కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం, పడుగు తాడులా గట్టిగా, పేక లావుగా మెత్తగా ఉండాలి. అది సరదాకి పెట్టిన నియమం కాదు. పేకని దిగ్గొట్టినప్పుడల్లా దెబ్బంతా పడుగు మీద పడుతుంది, నూరో నంబరు నూలు రెండోరోజుకే తెగుతుంది. పాత ఐరోపా టాపెస్ట్రీల్లో సెంటీమీటరుకి ఐదు పోగుల చొప్పున పడుగు ఉండేది. పొందూరు పంచెలో పోగులు లెక్కపెట్టాలంటే భూతద్దం కావాలి.

నూలు కాదు, మనిషి మాత్రం సరిపోతాడు. గుంట మగ్గం మీద కూర్చున్నవాడి కాళ్ళకి ఓబుసాఁ మగ్గం కొత్తేం కాదు, తొక్కుడు ఒకటే. జాందానీ చేసినవాడి వేళ్ళకి చిన్న కండెలు కొత్త కాదు. మార్చుకోవలసింది రెండే. ఒకటి, పలక. మామూలు నేతలో పలక ఒక్క దెబ్బతో వరుసంతా సమంగా కొడుతుంది. ఇక్కడ ఒక మూల పువ్వు నాలుగంగుళాలు పెరిగి ఉంటుంది, పక్కన ఆకు ఇంకా మొదలే కాదు. కాబట్టి పలక పక్కనపెట్టి, పంజా అనే దువ్వెనలాంటి చేతి పనిముట్టుతో ఎక్కడికక్కడ కొట్టాలి. రెండోది ఓపిక. సన్నం కాని నేతలో కూడా చేయి తిరిగిన మనిషికి నెలకి ఒక చదరపు మీటరు పడుతుంది. మీ గోడకి పదడుగులు బై నాలుగడుగులు అనుకుంటే, నాలుగు చదరపు మీటర్లకి కొంచెం తక్కువ. ఒక మనిషి నాలుగు నెలల కూలి, ఉన్ని, డిజైన్ ఖర్చు కలిపి మీరే లెక్కేసుకోండి. 1,200 రూపాయల గుడ్డ ఎందుకు టాపెస్ట్రీ కాలేదో కూడా ఆ లెక్కలోనే ఉంది.

నిజంగా నేయించుకోవాలనుంటే చిన్నది, రెండడుగులు బై మూడడుగులు నేయించుకోండి. బొమ్మ కోసం ఎక్కడో వెతకొద్దు, సీతంపేట వైపు సవరల బొమ్మలు చూడండి. గీతలు, త్రికోణాలు, పొట్టి మనుషుల వరసలు. టాపెస్ట్రీలో ఏటవాలు గీత మెట్లుగానే వస్తుంది, గుండ్రం తేవడానికి ప్రాణం పోతుంది, త్రికోణం మాత్రం తనంతట తానే వస్తుంది. నేనైతే ముఖాలు, దేవుళ్ళ బొమ్మలు వద్దంటాను. కన్ను ఒక్క పోగు పక్కకి జరిగితే మనిషే మారిపోతాడు.

మీరే నేర్చుకుంటానంటే మరీ మంచిది. వడ్రంగి చేత గట్టి చెక్క ఫ్రేము చేయించి పైనా కిందా మేకులు కొట్టించండి, అంగుళానికి ఎనిమిది పోగులు వచ్చేలా పడుగు చుట్టండి. పడుగుకి మెలితిరిగిన గట్టి నూలుదారం కావాలి. ఇంగ్లీషువాళ్ళు ఈ దారాన్ని చేపల వలదారం పేరుతోనే పిలుస్తారు, ఒకప్పుడు వలలకి వాడిన నూలుదారమే ఇది. ఆ పేరు విని మొదట్లో నేను కళింగపట్నం వెళ్ళి వలదారం కొనుక్కొచ్చాను. ఇప్పుడు వలలన్నీ నైలాన్ కదా, ఆ సంగతి ఆలోచించలేదు. సాగింది, జారింది, వారం పని పోయింది. పేకకి ఉన్నిదారం రెండు పేటలు కలిపి వాడండి. దిగ్గొట్టడానికి అన్నం తినే ఫోర్కు చాలు.

మొదటిసారి అందరూ చేసే తప్పు ఒకటుంది, నేనూ చేశాను. దారాన్ని బిగుతుగా తిన్నగా లాగి వేస్తాం. పేక పడుగు చుట్టూ పైకీ కిందికీ వంకలు తిరగాలి కాబట్టి దానికి ఎక్కువ పొడుగు కావాలి, అది ఇవ్వకపోతే పక్కల్ని లోపలికి లాక్కుంటుంది. మా నాయనమ్మ బొంత అన్న ముక్క పైన పద్దెనిమిది అంగుళాలు, నడుం దగ్గర పద్నాలుగు. డమరుకంలా తయారైంది. దారం వేసేటప్పుడు చిన్న కొండలా ఒంపు పెట్టి, ఆ ఒంపుని మధ్యలోంచి పక్కలకి నొక్కుతూ దింపాలి. ఈ ఒక్కటీ చేతికి వస్తే సగం పని వచ్చినట్టే.

గొంతు మార్మోగడం గురించి. మందపాటి ఉన్ని నేత గోడ మీద ఉంటే శబ్దాన్ని కొంత పీల్చుకుంటుంది, గోడకి రెండంగుళాల ఎడం ఉంచితే ఇంకా బాగా పీల్చుకుంటుంది. ఈ ఉపయోగం ఇప్పటి కట్టడాల్లో కూడా పనికొచ్చింది. చండీగఢ్ హైకోర్టు కట్టిన లె కార్బూజియే కోర్టు గదుల కోసం తొమ్మిది పెద్ద టాపెస్ట్రీలు తానే గీసి 1950లలో కాశ్మీర్‌లో నేయించాడు. సిమెంటు గదుల్లో మాట స్పష్టంగా వినపడాలన్నది అందులో ఒక కారణం. సంచారం చేసే గోడచిత్రం అన్న అర్థంలో ఆయన టాపెస్ట్రీకి ఒక పేరే పెట్టాడు. ఒక్క టాపెస్ట్రీతో మీ హాలు పూర్తిగా నిశ్శబ్దం అయిపోదు. కర్టెన్లు, సోఫా వచ్చాక చాలా తగ్గుతుంది.

ఆ ఎడం మన వైపు ఇంకో కారణానికి కూడా తప్పనిసరి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత మా ఇంటి గోడ నెల రోజులు చెమ్మగానే ఉంది. గోడకి అంటించి తగిలించిన నా ఉన్ని ముక్కకి వెనక బూజు పట్టింది. ముందునుంచి ఏమీ తెలియలేదు, వాసన వస్తేగానీ తీసి చూడలేదు. ఎండ తగిలే గోడ కూడా వద్దు, ఆంజే కథ విన్నారుగా.

కొనేటప్పుడు మోసపోకుండా ఎలా అంటే, వెనక్కి తిప్పడమే. వెనక బొమ్మ వెలిసినట్టుంటే అచ్చు. వెనక రంగులు తారుమారై ఉన్నా, ప్రతి రంగు దారం ఈ చివర నుంచి ఆ చివర దాకా లోపల పరిగెడుతున్నా మిషన్ జకార్డు, అంటే యంత్రం మీద బొమ్మ నేసిన గుడ్డ. సోఫా గుడ్డలు, దిండు గలేబుల మీద టాపెస్ట్రీ అని అమ్మేది ఎక్కువగా ఇదే. గట్టిగా ఉంటుంది, వాడకానికి మంచిదే, చేతిపని ధర మాత్రం ఇవ్వకండి. నేను పనిచేసిన ఒకచోట మిషన్ సరుక్కి చేతినేత చీటీ తగిలించి పంపేవారు. అడిగితే కొనేవాడు తిప్పి చూడడు లెండి అనేవారు. ఏ రంగు ఎక్కడ కనిపిస్తుందో ఆ దారం అక్కడే మొదలై అక్కడే ముగిస్తే, రంగులు కలిసేచోట సన్నటి చీలికో మెలికో కనిపిస్తే, అదీ అసలు సరుకు.

ఇప్పుడు మీ అటక దగ్గరికి వద్దాం. జంపఖానాలన్నీ పేక పైకి కనిపించే నేతే. ఉత్త చారలుంటే దారం అంచు నుంచి అంచుకు వెళ్తుంది, అది టాపెస్ట్రీ కాదు. కానీ నెమలి అన్నారు. జంపఖానా మీద నెమలి రావాలంటే మెడ నీలం మెడ దగ్గరే తిరగాలి, పింఛం పచ్చ పింఛం దగ్గరే తిరగాలి. ఆ బొమ్మ పంజాతో కొట్టి నేసినదైతే, పదివేలు పోసినా కొత్తగా దొరకనిది మీ అటక మీద ఉంది. మన తెలుగు నేలలో వరంగల్ జంపఖానాలకి పేరుంది. మీ అత్తగారిది ఎక్కడ కొన్నదో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి.

కిందికి దించి దులపండి, వాషింగ్ మెషిన్‌లో వేయకండి. తెల్లగుడ్డ తడిపి ప్రతి రంగు మీదా గట్టిగా నొక్కి చూడండి, రంగు దిగితే నీళ్ళు తగలనివ్వొద్దు. నేల మీద పరిచి వెనక్కి తిప్పండి, నెమలి ఇటు కూడా అంతే స్పష్టంగా ఉందా చూడండి. తర్వాత కిటికీ దగ్గర వెలుతురుకి అడ్డంగా పట్టుకుని, నీలం మెడకీ వెనకున్న రంగుకీ మధ్య గీత చూడండి.

గోడకి తగిలించాలంటే మేకులు కొట్టొద్దు. పైఅంచు వెనక నాలుగంగుళాల గుడ్డ గొట్టంలా కుట్టించి అందులోంచి కర్టెన్ రాడ్ దూర్చండి, బరువు సమంగా పడుతుంది. వెనక అస్తరుకి పొందూరు ముతక ఖద్దరు వేయండి. అక్కడ మా ఊరు అక్కరకొస్తుంది.

అక్కడక్కడా చిరిగింది అన్నారు కదా, దర్జీకి ఇచ్చే ముందు ఆ చోట్లు జాగ్రత్తగా చూడండి. చిరుగైతే పోగులు తెగి కొసలు పీచులా వేలాడతాయి. రెండువైపులా అంచు మడిచినట్టు నున్నగా ఉండి, ఒకవైపు ఒక రంగు, రెండోవైపు ఇంకో రంగు ఉంటే అది చిరుగు కాదు, నేసినవాడు వదిలిన చీలిక. కుట్టొద్దు. ఆ చోటు ఫోటో తీసి పెట్టండి, వెనకవైపుది.